మెడికల్-సర్జికల్ నర్సింగ్ సర్టిఫికేషన్: వార్డు డ్యూటీ చేస్తూనే ఎలా సిద్ధం కావాలి?

కర్నూలు పెద్దాసుపత్రిలో గానీ, కడప రిమ్స్‌లో గానీ, అనంతపురంలో ఏదైనా ప్రైవేటు ఆసుపత్రిలో గానీ మెడికల్, సర్జికల్ వార్డుల్లో రెండు మూడేళ్లు నిలబడి పనిచేసిన సిస్టర్‌కు అమెరికా సంస్థలు ఇచ్చే ఈ సర్టిఫికేషన్ అందనిదేమీ కాదు. పరీక్షలో అడిగే వాటిలో చాలా భాగం ఆమె చేతుల మీదుగా రోజూ పోతూనే ఉంటుంది. షుగర్‌తో కాలు కుళ్లిన రైతు, డయాలసిస్ తప్పించుకుని ఆయాసంతో వచ్చిన పెద్దాయన, పక్షవాతం, గుండె వైఫల్యం (హార్ట్ ఫెయిల్యూర్), కడుపు ఆపరేషన్ అయిన రెండో రోజు జ్వరం, అన్నీ మనకు తెలిసినవే. గద్వాల, రాయచూరు, బళ్ళారి వైపు నుంచి కూడా కేసులు కర్నూలుకే వస్తాయి కాబట్టి అనుభవానికి లోటు లేదు.

లోటు ఉన్నది ఒక్క అలవాటులో. మన వార్డుల్లో "డాక్టర్‌గారికి చెప్పాం" అనగానే నర్సు పని అయిపోయినట్టు లెక్క. ఆ పరీక్ష మాత్రం డాక్టర్‌గారు వచ్చేలోపు మీరేం చేశారు, ఎందుకు చేశారు అని అడుగుతుంది. కాబట్టి మీ తయారీ అంతా ఆ రెండు ప్రశ్నల చుట్టూ తిరగాలి. కొత్త పుస్తకాలు కొనడం తర్వాతి సంగతి.

ముందు ఏ పరీక్షో తేల్చుకోండి

అమెరికాలో ఈ విభాగానికి పేరున్న సర్టిఫికేషన్లు రెండు. ఒకటి అమెరికన్ నర్సెస్ క్రెడెన్షియలింగ్ సెంటర్ (ఏఎన్‌సీసీ) ఇచ్చే మెడ్‌సర్జ్-బీసీ. రెండోది మెడికల్-సర్జికల్ నర్సింగ్ సర్టిఫికేషన్ బోర్డు ఇచ్చే సీఎంఎస్ఆర్ఎన్. రెండోదానికి అమెరికా ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) లైసెన్స్ ఉండాలి. మొదటిదానికి మాత్రం మన దేశంలో చట్టబద్ధమైన నర్సు రిజిస్ట్రేషన్ ఉన్నా దరఖాస్తు చేసుకునే వీలుంది. అందుకే ఇక్కడే ఉండి రాయాలనుకునేవాళ్లకు నేను ఏఎన్‌సీసీ పరీక్షనే సూచిస్తాను.

దానికి అర్హత ఇది: రిజిస్టర్డ్ నర్సుగా రెండేళ్ల ఫుల్‌టైమ్ అనుభవం, గత మూడేళ్లలో మెడికల్-సర్జికల్ నర్సింగ్‌లో కనీసం 2,000 గంటల పని, అదే మూడేళ్లలో ఈ విభాగానికి సంబంధించిన 30 గంటల నిరంతర విద్య. 2,000 గంటలు అనగానే చాలామంది బెదిరిపోతారు. రోజుకు 8 గంటలు, వారానికి 6 రోజులు అంటే 48 గంటలు. 42 వారాలకే 2,016 అవుతాయి. లేబర్ రూమ్‌లో, పసిపిల్లల ఐసీయూలో (ఎన్ఐసీయూ) చేసిన గంటలు ఇందులోకి రావు. వార్డులు మారుతూ పనిచేసినవాళ్లు ఏ వార్డులో ఎన్ని నెలలో విడివిడిగా రాసి పెట్టుకోవాలి.

ఇంకో మాట కచ్చితంగా తెలుసుకోండి. ఇది లైసెన్స్ కాదు. అమెరికాలో నర్సుగా పనిచేయాలంటే ఎన్‌క్లెక్స్-ఆర్ఎన్ అనే లైసెన్స్ పరీక్ష వేరేగా పాస్ కావాలి, వీసా దారి వేరు. "ఈ సర్టిఫికెట్ ఉంటే చాలు, ఉద్యోగం గ్యారంటీ" అని ఎవరైనా కన్సల్టెన్సీవాళ్లు లక్షలు అడిగితే లేచి వచ్చేయండి. ఈ చదువు వల్ల మీ చెయ్యి, మీ ఆలోచన పదునెక్కుతాయి. ఎన్‌క్లెక్స్‌కు, ఎయిమ్స్ నర్సు ఉద్యోగాల పరీక్ష నార్సెట్‌కు కూడా ఇందులో సగం తయారీ అయిపోతుంది.

కాగితాల పని మొదటి నెలలోనే

చదువు మొదలుపెట్టిన వారంలోనే నర్సింగ్ సూపరింటెండెంట్‌గారిని కలిసి సర్వీస్ సర్టిఫికెట్ అడగండి. అందులో చేరిన తేదీ, వార్డు పేరు, వారానికి ఎన్ని గంటలు అన్నది స్పష్టంగా ఉండాలి. "వీరు మా ఆసుపత్రిలో పనిచేశారు" అన్న ఒక్క లైను ఉత్తరం ఎందుకూ కొరగాదు. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయి ఉందో లేదో చూసుకోండి. హాజరైన ప్రతి వర్క్‌షాప్ సర్టిఫికెట్‌నూ ఫోన్‌లో ఫొటో తీసి ఒకే ఫోల్డర్‌లో పెట్టండి. మీ 30 గంటలు లెక్కకు వస్తాయా అన్నది ఏఎన్‌సీసీ వెబ్‌సైట్‌లోని నిబంధనలతో పోల్చుకోండి. ఫీజు డాలర్లలో ఉంటుంది, మారుతుంటుంది కూడా. కట్టే రోజు చూసుకుని కట్టండి.

మన దగ్గర ఎక్కువమందిని ఆపేది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో పెళ్లి తర్వాత మారిన ఇంటిపేరుతో ఉంటుంది. పరీక్ష కేంద్రంలో గుర్తింపు కార్డు మీద ఉన్న పేరు, దరఖాస్తులో ఉన్న పేరు ఒక్కటే కావాలి. సరిచేయించుకోవడానికి నెలలు పడుతుంది కాబట్టి ఈ పని ముందే చూసుకోండి.

చదివే వరుస

ఆరు నెలలు పెట్టుకోండి. డ్యూటీ చేసేవాళ్లకు అంతకంటే తక్కువైతే టెన్షన్, ఎక్కువైతే మొదట చదివింది మర్చిపోతారు.

గుండెతో మొదలుపెట్టకండి. మొదట ద్రవాలు, ఎలక్ట్రోలైట్లు, ఆమ్ల-క్షార సమతుల్యం చదవండి. సోడియం 135 నుంచి 145, పొటాషియం 3.5 నుంచి 5.0, పీహెచ్ 7.35 నుంచి 7.45, కార్బన్ డయాక్సైడ్ పీడనం 35 నుంచి 45, బైకార్బొనేట్ 22 నుంచి 26. ఇవి నిద్రలో లేపి అడిగినా చెప్పేలా ఉండాలి. ఎందుకంటే కిడ్నీ, షుగర్, వాంతులు-విరేచనాలు, ఆపరేషన్ తర్వాత డ్రెయిన్లు, మూత్రం ఎక్కువ పోయించే లాసిక్స్ ఇంజెక్షన్, అన్నిటి వెనకా ఉన్నది ఇదే. డీకేఏ (షుగర్ బాగా పెరిగి రక్తంలో ఆమ్లం పేరుకునే స్థితి) కేసులో ముందు నార్మల్ సెలైన్ ఎందుకు, పొటాషియం బాగా తక్కువగా ఉంటే ఇన్సులిన్ ఎందుకు ఆపాలి, గ్లూకోజ్ 250 దగ్గరికి దిగగానే డెక్స్‌ట్రోజ్ ఎందుకు కలపాలి అన్నవి పొటాషియం కణం లోపలికి, బయటికి ఎలా పోతుందో అర్థమైనవాళ్లకు బట్టీ పట్టే పని లేకుండా వస్తాయి.

ఆ తర్వాత ఊపిరితిత్తులు, గుండె, షుగర్-థైరాయిడ్, కిడ్నీ, జీర్ణవ్యవస్థ, మెదడు-నరాలు, ఎముకలు, రక్తం-కేన్సర్, చివర్లో ఆపరేషన్‌కు ముందూ తర్వాతా చూసుకునే సంరక్షణ. ఇన్ఫెక్షన్ నివారణను విడిగా కాకుండా ప్రతి దాంతో కలిపి చదవండి.

మనం ఎక్కువగా చూసేవి, ఆ పరీక్షలో ఎక్కువగా వచ్చేవి పూర్తిగా ఒకటి కావు. పాముకాటు, పురుగుమందు తాగిన కేసుల్లో మన సిస్టర్లకు ఉన్న అనుభవం చాలా గొప్పది, కానీ అవి ప్రశ్నల్లో అరుదు. అదే బెడ్‌సోర్ దశలు, బెడ్‌సోర్ ముప్పును కొలిచే బ్రేడెన్ స్కోరు, పడిపోవడాన్ని నివారించడం, ముసలివాళ్లలో హఠాత్తుగా వచ్చే మతిభ్రమ, కాలి సిరలో గడ్డ, క్లాస్ట్రిడియం డిఫిసిల్ విరేచనాలు, రోగి తనే బటన్ నొక్కుకునే మార్ఫిన్ పంపు, ఇవి పదే పదే వస్తాయి. క్లాస్ట్రిడియం డిఫిసిల్ కేసు చూశాక శానిటైజర్ సరిపోదు, సబ్బు నీళ్లతోనే చేతులు కడగాలి. మార్ఫిన్ పంపు బటన్‌ను రోగి తప్ప భార్య గానీ కొడుకు గానీ నొక్కకూడదు. ఊపిరి నెమ్మదించడానికి ముందు మత్తు పెరుగుతుంది, కాబట్టి ముందు కనిపెట్టాల్సింది ఆ మత్తునే. మీ వార్డులో అలాంటి పంపు లేదని ఈ పాఠం వదిలేయకండి.

ఒక డ్యూటీ, ఒక రోగి

నేను నమ్మే పద్ధతి ఇదే. ప్రతి డ్యూటీలో ఒక్క రోగిని ఎంచుకోండి. వార్డులో ముప్పై నలభై మంది ఉన్నా సరే, ఒక్కరు చాలు. చిన్న నోట్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాయండి: ఈ రోగికి ఈ పూట రాగల అతి పెద్ద ప్రమాదం ఏమిటి, అది వస్తున్నట్టు మొదట ఏ గుర్తు కనబడుతుంది, ఆ గుర్తు కనబడితే నా చేత్తో నేను చేసే మొదటి పని ఏమిటి, అది ఎందుకు.

ఛాతీలో ట్యూబు వేసిన రోగిని తీసుకుందాం. బెడ్ కింద ఐసీడీ బాటిల్ (ఆ ట్యూబు చివర ఉండే నీళ్ల సీసా) ఉంది. ట్యూబులో నీటి మట్టం ఊపిరితో పాటు పైకీ కిందికీ కదులుతోంది. అది మంచి గుర్తు. కదలిక ఆగిపోతే ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుని ఉండాలి, లేదా ట్యూబు మడత పడో అడ్డుపడో ఉండాలి. ముందు దుప్పటి తీసి ట్యూబు మొత్తం చేత్తో తడుముతూ చూడాలి. రోగి దగ్గినప్పుడు బుడగలు రావడం వేరు, ఆగకుండా బుడగలు వస్తూనే ఉండడం వేరు. రెండోదైతే ఎక్కడో గాలి లీకవుతోంది. ఎక్స్‌రేకు తీసుకెళ్లేటప్పుడు ట్యూబును ఫోర్సెప్స్‌తో క్లాంప్ చేసి, బాటిల్‌ను రోగి పొట్ట మీద పెట్టి స్ట్రెచర్ నెట్టడం చాలా చోట్ల జరుగుతుంది. రెండూ తప్పే. లీకుతో ఉన్న ఛాతీలో ట్యూబును మూసేస్తే గాలి లోపలే పోగై టెన్షన్ న్యూమోథొరాక్స్ వస్తుంది. బాటిల్ ఛాతీకంటే పైకి లేస్తే నీళ్లు వెనక్కి పోతాయి. ఎప్పుడూ కిందే ఉండాలి. ట్యూబు బాటిల్ నుంచి ఊడిపోతే ఆ కొసను వెంటనే స్టెరైల్ నీళ్లలో ముంచి పట్టుకోవాలి, తర్వాతే ఎవరినైనా పిలవాలి.

ఈ ఒక్క రోగి మీద పరీక్షలో నాలుగైదు రకాల ప్రశ్నలు వేయొచ్చు, అన్నీ మీరు రాసుకున్న ఆ పేజీలోనే ఉంటాయి. అమెరికా ప్రశ్నల్లో మన ఒంటి సీసా బదులు మూడు గదుల డ్రైనేజీ డబ్బా ఉంటుంది. పనిచేసే సూత్రం ఒకటే, బొమ్మ చూసి గదుల పేర్లు తెలుసుకుంటే చాలు.

ప్రశ్నను చదవడం

నలుగురు రోగులున్నారు. థైరాయిడ్ ఆపరేషన్ అయిన మరుసటి రోజు పెదవుల చుట్టూ తిమ్మిరిగా ఉందంటున్నావిడ. గ్లూకోజ్ 210 ఉన్న షుగర్ రోగి. సీఓపీడీతో (దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు) ఆక్సిజన్ శాతం 90 ఉన్న పెద్దాయన. హెర్నియా ఆపరేషన్ తర్వాత పదికి ఆరు నొప్పి అంటున్న కుర్రాడు. ముందు ఎవరి దగ్గరికి?

మన అలవాటు ప్రకారం చాలామంది 90 అంకె చూసి పెద్దాయన దగ్గరికి పరిగెడతారు. సీఓపీడీలో 88 నుంచి 92 మనం కోరుకునేదే. ముందు చూడాల్సింది తిమ్మిరి అంటున్నావిడను. థైరాయిడ్ తీసేటప్పుడు పక్కనే ఉన్న పారాథైరాయిడ్ దెబ్బతింటే కాల్షియం పడిపోతుంది, స్వరపేటిక బిగుసుకుని ఊపిరి ఆగే ప్రమాదం ఉంటుంది. చూడ్డానికి చిన్నగా ఉన్న గుర్తు, రాబోయేది పెద్ద ఆపద. ఇలాంటి ప్రశ్నల్లో ఈ మెలికే ఉంటుంది. ఊపిరిదారి, ఊపిరి, రక్తప్రసరణ అన్న వరుసతో పాటు, ఈ జబ్బులో ఇది ఊహించినదేనా, కాదా అని మిమ్మల్ని మీరే అడగండి. ఊహించినదైతే ఆగొచ్చు, ఊహించనిదైతే ఆగకూడదు.

రెండో రకం: రక్తం ఎక్కించడం మొదలైన పది నిమిషాలకు రోగికి చలి, నడుము నొప్పి. జవాబుల్లో డాక్టర్‌కు ఫోన్ చేయడం ఉంది, వేగం తగ్గించడం ఉంది, పారాసెటమాల్ ఇవ్వడం ఉంది, రక్తం ఆపేయడం ఉంది. ఆపేయడమే మొదటి పని. తర్వాత కొత్త సెట్‌తో నార్మల్ సెలైన్ పెట్టి లైన్ నిలపాలి, బీపీ, పల్స్, ఊపిరి, టెంపరేచర్ చూడాలి, డాక్టర్‌కూ బ్లడ్ బ్యాంకుకూ చెప్పాలి, సంచి మీద పేరు, గ్రూపు మళ్లీ సరిచూసి, సంచిని సెట్‌తో సహా వెనక్కి పంపాలి. పాత సెట్‌లోంచే సెలైన్ వదిలితే అందులో మిగిలిన రక్తం కూడా లోపలికి పోతుంది. ఇందుకే కొత్త సెట్.

"డాక్టర్‌కు తెలియజేయండి" అన్న జవాబు చూడగానే దాన్ని ఎంచుకోకండి. దానికి ముందు మీరు చేయగలిగిన, రోగిని కాపాడే పని మిగతా మూడింట్లో ఏదైనా ఉందా అని వెతకండి. ప్రశ్నలో తగినంత సమాచారం లేకపోతే ముందు పరీక్షించి చూడడం, ప్రమాదం కళ్లెదుట ఉంటే ముందు చేయడం. ఏదీ మిగలనప్పుడే ఫోన్.

పని అప్పగించడం మీద కూడా ప్రశ్నలుంటాయి. అక్కడ ఆర్ఎన్, ఎల్‌పీఎన్ (ఆర్ఎన్ కింద పనిచేసే ప్రాక్టికల్ నర్సు), నర్సింగ్ అసిస్టెంట్ అని మూడు అంచెలు. అంచనా వేయడం, రోగికి నేర్పడం, నిర్ణయించడం ఆర్ఎన్ ఎవరికీ ఇవ్వకూడదు. స్థిరంగా ఉన్న రోగికి బీపీ చూడడం, స్నానం, తినిపించడం అసిస్టెంట్‌కు ఇవ్వొచ్చు. మన ఎంఎన్ఓ, ఎఫ్ఎన్ఓలు (వార్డు సహాయకులు) చేసే పనులను లెక్కలోకి తీసుకుని జవాబు రాస్తే అది తప్పవుతుంది.

మందుల పేర్లు

మన వార్డులో మోనోసెఫ్, పెరినార్మ్, ఎమెసెట్, లాసిక్స్ అంటాం. పరీక్షలో సెఫ్ట్రయాక్సోన్, మెటోక్లోప్రమైడ్, ఆన్‌డాన్‌సెట్రాన్, ఫ్యూరోసెమైడ్ అని ఉంటుంది. అమెరికా పేర్లు ఇంకో మెట్టు దూరం. మన పారాసెటమాల్ అక్కడ అసిటమినోఫెన్, సాల్బుటమాల్ అల్బ్యుటెరాల్, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్, గ్లిబెన్‌క్లమైడ్ గ్లైబ్యురైడ్, పెథిడిన్ మెపెరిడిన్. నర్స్ స్టేషన్‌లో మందుల ట్రే ముందు నిలబడినప్పుడే ప్రతి వాయిల్ మీదున్న జెనరిక్ పేరు చదివి నోట్‌బుక్‌లో ఎక్కించండి. పక్కన ఒకే ఒక ముక్క రాయండి: ఇవ్వడానికి ముందు ఏం చూడాలి. డిగాక్సిన్‌కు పల్స్, పొటాషియం. వార్ఫరిన్‌కు ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చూసే పరీక్ష). వాంకోమైసిన్‌కు క్రియాటినిన్. పొటాషియం క్లోరైడ్‌ను ఎప్పుడూ నేరుగా సిరంజితో ఎక్కించకూడదు.

బరువు పౌండ్లలో వస్తుంది. ఒక కిలో 2.2 పౌండ్లు. హార్ట్ ఫెయిల్యూర్ రోగి రోజులో 2-3 పౌండ్లు, వారంలో 5 పౌండ్లు పెరిగితే ఫోన్ చేయమని నేర్పాలి. ఆహారం ప్రశ్నల్లో డబ్బా సూపు, డెలీ మాంసం అని కనబడితే మన ఊరగాయ లాగా ఉప్పు ఎక్కువని అర్థం చేసుకోండి.

రోగి మాటే మాట

ఇక్కడ మనవాళ్లు మార్కులు పోగొట్టుకుంటారు, చదువు రాక కాదు, మన పద్ధతి వేరు కావడం వల్ల. మన దగ్గర పెద్దావిడకు కేన్సర్ అని తేలితే కొడుకు సిస్టర్‌ను పక్కకు పిలిచి "అమ్మకు చెప్పొద్దక్కా" అంటాడు. ఆపరేషన్ కాగితం మీద భర్తో, కొడుకో సంతకం చేస్తారు. పరీక్ష దృష్టిలో తెలివిలో ఉన్న పెద్ద మనిషికి తన జబ్బు తెలుసుకునే హక్కు, కాదనే హక్కు తనవే. ఆపరేషన్ గురించి వివరించాల్సింది సర్జన్. నర్సు సంతకానికి సాక్షి మాత్రమే. రోగికి అర్థం కాలేదని అనిపిస్తే సంతకం ఆపి సర్జన్‌ను పిలవాలి, తను వివరించకూడదు.

దీన్ని పరీక్ష కోసమే నేర్చుకోకండని నా కోరిక. మంచం పక్కన కూర్చుని "మీ జబ్బు గురించి ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారమ్మా?" అని నేరుగా ఆమెనే అడగడానికి రెండు నిమిషాలు చాలు. కొడుకును కాదనకుండానే ఆమెకు దక్కాల్సిన గౌరవం దక్కుతుంది.

ఇన్‌ఛార్జ్ సిస్టర్లకు, ట్యూటర్లకు

ఒక్కరు చదివితే మధ్యలో ఆగిపోతారు. వార్డు నుంచి నలుగురైదుగురిని కూడగట్టండి. నైట్ డ్యూటీలు వేరువేరుగా పడతాయి కాబట్టి అందరూ ఒకచోట కూర్చునే రోజు వారానికి ఒక్కటే దొరుకుతుంది. ఆ రోజు క్లాసు చెప్పకండి. ఒక్కొక్కరు తన నోట్‌బుక్‌లోంచి ఒక రోగిని చెప్పాలి, మిగతావాళ్లు "ఎందుకు" అని అడగాలి. చర్చ తెలుగులోనే జరగనివ్వండి, ఆలోచన అప్పుడే సాగుతుంది. ప్రశ్నను మాత్రం ఇంగ్లిష్‌లో ఒకరు గట్టిగా చదవాలి. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసిన సిస్టర్లు ఇంగ్లిష్ చూసి వెనక్కి తగ్గుతారు. వాళ్ల క్లినికల్ అనుభవం చాలాసార్లు బీఎస్సీవాళ్లకంటే లోతుగా ఉంటుంది. వాళ్లను ముందు మాట్లాడనివ్వండి.

తప్పు జవాబు చెప్పినవాళ్లను సరిదిద్దే ముందు ఆ జవాబు ఎలా వచ్చిందో చెప్పమనండి. విషయం తెలియక తప్పిందా, ప్రశ్నలో "మొదట" అన్న పదం వదిలేసి తప్పిందా, వార్డు అలవాటు వల్ల తప్పిందా? మందు వేరు కాబట్టి జబ్బు ఏదో తెలియాలి. డ్యూటీ మారేటప్పుడు చెప్పే హ్యాండోవర్‌ను ఎస్‌బార్ పద్ధతిలో చెప్పించడం రేపటి నుంచే మొదలుపెట్టొచ్చు: ఇప్పుడేం జరుగుతోంది, వెనకటి సంగతి ఏమిటి, నేను గమనించింది ఏమిటి, నేను కోరేది ఏమిటి. నాలుగోది చెప్పడానికి మన సిస్టర్లు మొహమాటపడతారు. "సార్, మీరు వచ్చి చూడాలి" అని ఫోన్‌లో స్పష్టంగా అనడం సాధనతోనే వస్తుంది.

చివరి నెల, పరీక్ష రోజు

పరీక్షలో 150 ప్రశ్నలు, మూడు గంటలు. అందులో 125కే మార్కులు, మిగతా 25 ప్రయోగానికి పెట్టినవి, ఏవో మీకు తెలియదు. ప్రశ్నకు 72 సెకన్లు పడుతుంది. తప్పుకు మార్కు కోయరు కాబట్టి ఒక్కటీ ఖాళీ వదలొద్దు. నార్సెట్‌కు సిద్ధమైనవాళ్లకు నెగెటివ్ మార్కుల భయంతో వదిలేసే అలవాటు ఉంటుంది, దాన్ని మానుకోవాలి. చివరి నెలలో వారానికోసారి 150 ప్రశ్నలు ఒకే బిగిన కూర్చుని చేయండి. వందో ప్రశ్న తర్వాత కళ్లు పదాలు మింగేస్తాయి. ఆ దశను ఇంట్లోనే దాటాలి.

దరఖాస్తు ఆమోదం పొందాక 120 రోజుల్లోపు రాయాలి. పరీక్ష ప్రోమెట్రిక్ కేంద్రాల్లో ఉంటుంది. కర్నూలువాళ్లకు హైదరాబాద్, అనంతపురంవాళ్లకు బెంగళూరు దగ్గర, రెండూ 44వ నంబరు జాతీయ రహదారి మీదే. ఉదయం బస్సెక్కి నేరుగా పరీక్షకు పోవద్దు. ముందు రోజే చేరి పడుకోండి. ఆ వారం నైట్ డ్యూటీ పడకుండా రోటా వేసేటప్పుడే ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ను అడిగి మార్చుకోండి, బదులుగా తర్వాతి వారం చేస్తానని చెప్పండి.

500కు 350 స్కోరు వస్తే పాస్. ఫలితం కేంద్రంలోనే తెలుస్తుంది. ఫెయిలైనవాళ్లకు ఏ విభాగంలో బలహీనంగా ఉన్నారో చెప్పే రిపోర్టు ఇస్తారు. రెండో తయారీ ఆ కాగితం నుంచే మొదలుపెట్టాలి, మొదటి పేజీ నుంచి కాదు. పాసైనవాళ్లకు సర్టిఫికేషన్ ఐదేళ్లు చెల్లుతుంది. రెన్యువల్‌కు మళ్లీ నిరంతర విద్య గంటలు చూపించాలి కాబట్టి ఫోన్‌లో పెట్టిన ఆ ఫోల్డర్‌ను తీసేయకండి, కొత్త సర్టిఫికెట్ వచ్చిన ప్రతిసారీ అందులో వేస్తూ పోండి.